ఈ కిటికీ ఎవరింటిది?

నెల్లూరు ట్రంకు రోడ్డు దగ్గర ఒక హాల్లో నీటిరంగుల బొమ్మలు పెట్టారంటే వెళ్లాను. మన ఇళ్లలో నిత్యం వాడే గాజు వస్తువులే ఇతివృత్తమన్నారు. కాబట్టి గోడ నిండా పొడుగు కాడల వైన్ గ్లాసులే ఉన్నాయి. మధ్యాహ్నం మనం మజ్జిగ తాగేది వాటిలోనే కదా!

అదైనా సహించాను. కానీ ప్రతి గ్లాసు పొట్ట మీదా ఒక కిటికీ మెరుస్తోంది. నాలుగు పలకల అద్దాల కిటికీ. మొదటి బొమ్మలో ఉంది, పదో బొమ్మలో ఉంది, నిమ్మకాయ పక్కనున్న సీసా మీదా ఉంది. మా వీధిలో కిటికీలకు ఊచలుంటాయి. ఊచలకు తడి తువ్వాలు వేలాడుతుంటుంది. చిత్రకారుణ్ని పిలిచి, “ఈ కిటికీ ఎవరింటిది బాబూ?” అని అడిగాను.

“కిటికీ కాదు సార్, హైలైట్, గాజు మీది మెరుపు. అలాగే వేయాలి. వీడియోలో చూపించారు.”

ఇంతలో ముఖ్య అతిథి వచ్చారు. ఒక గ్లాసు బొమ్మ ముందు ఆగి, “ఇందులో ఏముంది?” అని విచారించారు.

“ఏమీ లేదండీ, ఖాళీ.”

“మరి ఆ కిటికీ?”

“అది బయట ఉన్నట్టండీ.”

“ఉంటే తెరవండయ్యా, ఉక్కగా ఉంది.”

చప్పట్లు మోగాయి. ఆ హాల్లో బొమ్మను శ్రద్ధగా చూసినవారు ఆయనొక్కరే.

నీటిరంగుల్లో తెలుపు కావాలంటే సాధారణంగా తెల్ల రంగు పూయరు. కాగితాన్ని ముట్టుకోకుండా వదిలేస్తారు. ఆ వదిలిన చోటే వెలుగు. అంటే మనవాడు కుంచె పెట్టని చోటు కూడా అరువే! గాజు చుట్టూ ఉన్నదాన్నే చూపిస్తుందని చెప్పేవారే లేకపోయారా? చిల్లకూరు, కోట మండలాల వైపు తెల్ల ఇసుక గాజు కోసం లారీలకొద్దీ తరలిపోతోంది. తవ్విన గుంతలు మనకు మిగులుతున్నాయి. ఆ ఇసుకే గాజై వచ్చి మన బల్ల మీద నిలబడితే, అందులోనూ మన ఇల్లు కనబడకూడదా? ఎవరిదో చలిదేశపు కిటికీ కావాలా? సిగ్గు లేదూ!

బయటికొచ్చి బండి దగ్గర గోళీ సోడా తాగాను. ఈ సీసాకు 1872లో పేటెంటు తీసుకున్న హైరమ్ కాడ్ ఇంగ్లీషువాడే. దాని మీది గీతలు మాత్రం నెల్లూరు బండి గతుకుల్లో పడ్డవి. ఆకుపచ్చ ఛాయ, అరిగిన భుజాలు, నొక్కుకుపోయిన మెడ, గాజు లోపల మరో గాజు. చేతనైనవాడికి నెల రోజుల పని. లోపల ఒక్క బొమ్మలోనూ ఇది లేదు.

తాగేసి గోళీలోకి చూస్తే, ముఖ్య అతిథి ఫ్లెక్సీ తలకిందులుగా వేలాడుతోంది.