నిండు చెరువు అందరికీ ముద్దే, కట్ట సంగతి ఎవరికి పట్టింది?

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో విక్సమ్ లేక్ అని ఒక జలాశయం ఉండేది. టిట్టబవాసీ, టొబాకో నదులు కలిసే చోట 1924లో కట్టిన ఈడెన్‌విల్ డ్యామ్ వెనక నిలిచిన నీళ్లవి. కట్టింది కరెంటు కోసమే. పోనుపోను చుట్టూ ఇళ్లు లేచాయి, ఇంటిముందు పడవ రేవులు వచ్చాయి. నీటి అంచున ఇల్లంటే రేటే వేరు కదా. 2020 మే 19 సాయంత్రం ఆ కట్ట తెగింది. ఆ వరదకు దిగువన ఉన్న శాన్‌ఫోర్డ్ డ్యామ్ కూడా నిలవలేదు. సుమారు పదివేల మందిని ముందే ఖాళీ చేయించడంతో ప్రాణనష్టం తప్పింది గానీ, మిడ్‌ల్యాండ్ ఊరిని వరద ముంచెత్తింది.

వానల వల్ల తెగిందని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. కానీ అంతకుముందు రెండేళ్లు నడిచిన వ్యవహారం చూస్తే మన చెరువుల గురించి టెన్షన్ పట్టుకుంటుంది.

ఆ డ్యామ్ ఒక ప్రైవేటు కంపెనీది. ఊహించగల అతిపెద్ద వరద వస్తే, అందులో సగం నీటిని మాత్రమే స్పిల్‌వే, అంటే అదనపు నీళ్లు పోయే అలుగు, వదలగలదు. దాన్ని పెంచమని ఫెడరల్ నియంత్రణ సంస్థ ఏళ్ల తరబడి చెప్పింది. యజమాని చేయలేదు. విసిగిపోయి 2018లో ఆ సంస్థ కరెంటు తయారీ లైసెన్సు రద్దు చేసింది. దాంతో కరెంటు అమ్మకం ఆగింది, డ్యామ్ మీద వచ్చే ఆదాయమూ పోయింది. నీళ్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. పర్యవేక్షణ రాష్ట్ర ప్రభుత్వానికి బదిలీ అయింది. రాష్ట్రం కొలమానం ప్రకారం సగం వరదను తట్టుకుంటే చాలు. పైపైన చూసి, కట్ట పరిస్థితి ఫర్వాలేదని రాసుకున్నారు. ఫైలు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి మారేసరికి, ప్రమాదకరమైన డ్యామ్ కాస్తా ఫర్వాలేని డ్యామ్ అయిపోయింది!

ఈలోగా నీటిమట్టం మీద గొడవ. చలికాలంలో యజమాని నీళ్లు దించాడు, భద్రత కోసమే అన్నాడు. అనుమతి లేకుండా దించడం వల్ల నదిలోని ఆల్చిప్పలు చచ్చిపోయాయని రాష్ట్రం కోర్టుకెక్కింది. ఆ కేసు వేసింది 2020 ఏప్రిల్ చివర్లో. అంటే కట్ట తెగడానికి సుమారు మూడు వారాల ముందు. సరస్సు ఏ మట్టంలో ఉండాలో 2019లోనే స్థానిక కోర్టు ఖరారు చేసింది. బోటింగ్ సీజన్ మొదలయ్యేసరికి నీళ్లు ఆ మట్టానికి చేరాయి. యజమాని నిర్దోషి అనడం లేదు, అతని నిర్లక్ష్యం రికార్డుల్లోనే ఉంది. ఈ గొడవ వల్లే కట్ట తెగిందనీ అనను. కానీ నీళ్లు ఎంత ఉండాలన్న లెక్కలో ఒడ్డునున్న ఇళ్లు, పడవలు, ఆల్చిప్పలు అన్నీ వచ్చాయి. కట్ట ఎంత మోయగలదన్నది మాత్రం వెనకబడిపోయింది.

తర్వాత నిపుణుల బృందం లోతుగా పరిశీలించింది. నీళ్లు కట్ట మీద నుంచి పొర్లలేదని తేలింది. 1920లలో కట్టేటప్పుడు సరిగా దిమ్మిస చేయని వదులు ఇసుక కట్టలో ఉండిపోయింది. సరస్సు మునుపెన్నడూ లేనంత ఎత్తుకు చేరినప్పుడు, ఆ ఇసుక ఒక్కసారిగా పట్టు తప్పి ద్రవంలా జారిపోయింది. దాదాపు వందేళ్లు నిలబడింది కదా అన్న ధీమా ఎందుకూ పనికిరాలేదు. అన్నేళ్లలో అంత నీటిని ఆ కట్ట ఎప్పుడూ మోయలేదు మరి.

సరదా కోసం కట్టను మార్చుకోవడం అమెరికాకు కొత్త కాదు. పెన్సిల్వేనియాలోని సౌత్ ఫోర్క్ డ్యామ్‌ను కార్నెగీ, ఫ్రిక్ వంటి సంపన్నులు సభ్యులుగా ఉన్న వేట క్లబ్బు విహార సరస్సుగా మార్చుకుంది. బళ్లు పోవడానికి కట్ట ఎత్తు తగ్గించారు. చేపలు పోకుండా అలుగుకి జాలీలు బిగించారు. నీళ్లు దించే పైపుల్ని అంతకుముందు యజమానే పీకేసి అమ్ముకుంటే, మళ్లీ పెట్టించలేదు. 1889 మే 31న అది తెగి జాన్స్‌టౌన్‌లో 2,209 మంది చనిపోయారు.

ఇక మన దగ్గరికి వద్దాం. తెలంగాణలో చెరువుల్ని బాగుచేసే మిషన్ కాకతీయ పథకంలో నియోజకవర్గానికో మినీ ట్యాంక్‌బండ్ అన్నారు. సిద్దిపేట కోమటి చెరువు లాంటివి ఇప్పుడు సాయంత్రాలు జనంతో కిటకిటలాడుతున్నాయి. మంచిదే. పట్టణాల్లో జనం కాసేపు గాలి పీల్చుకునే చోటు కావాలి. అయితే కట్టకు అందం తెచ్చే పనులే ఒక్కోసారి దాని మీద నిఘా తగ్గిస్తాయి. మట్టికట్టకు బయటివైపు అడుగున తడి కనబడితే పాతకాలపు నీరటి, అంటే చెరువు నీళ్లు చూసుకునే మనిషి, అక్కడ కూర్చుని చూసేవాడు. తేట నీళ్లయితే కొంత నిమ్మళం. బురద నీళ్లయితే లోపల మట్టి కొట్టుకుపోతోందని, బుంగ పడబోతోందని అర్థం. అక్కడ టైల్స్ పరిచి, పచ్చిక వేసి, స్ప్రింక్లర్లు పెట్టాక ఆ తడి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరు చెబుతారు? వేళ్లు బాగా పాకే చెట్లు కట్ట మీద నాటడం కూడా ఇలాంటిదే.

చట్టం కూడా ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. 2021 నాటి డ్యామ్ భద్రతా చట్టం 15 మీటర్లు దాటిన వాటికి, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల వాటికి వర్తిస్తుంది. మన చెరువుల్లో చాలా భాగం దానికి అందవు. దిగువ కాలనీ వాళ్లకు కట్ట ఎత్తు ఎన్ని మీటర్లన్నదానితో పనేముంది? 2020 అక్టోబరులో హైదరాబాద్ బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు తెగినప్పుడు నీళ్లు ఇళ్లలోకే వచ్చాయి. 2024 జులైలో అశ్వారావుపేట మండలంలో పెదవాగు ప్రాజెక్టుకు గండి పడింది. ఉన్న మూడు గేట్లలో ఒకటి తెరుచుకోలేదు.

చెరువును పార్కుగా మార్చే ప్రతి అంచనాలోనూ లైట్ల కంటే ముందు తూము, అలుగు, షట్టర్ల పని ఉండాలి. వానాకాలానికి ముందు నీళ్లు ఎంతకు దించాలో నీటిపారుదల ఇంజినీరు చెప్పాలి, బోటింగ్ కాంట్రాక్టరు కాదు. టికెట్ల మీద వచ్చే డబ్బులో కొంత వాటా కట్టకే పోవాలి. గండి పడితే నీళ్లు ఏ వీధుల్లోకి వస్తాయో మ్యాప్ గీసి ఆ వీధుల్లోనే అంటించాలి. దీనికేమీ కోట్లు అక్కర్లేదు.

కోట్లు ఎప్పుడు కావాలో మిషిగన్ వాళ్లకు తెలిసొచ్చింది. ఆ డ్యామ్‌లను మళ్లీ నిలబెట్టడానికి ప్రభుత్వం ఇచ్చిన సొమ్ము పోను, 20 కోట్ల డాలర్లకు పైగా సరస్సుల చుట్టూ ఇళ్లున్నవాళ్ల మీదే వేశారు, 40 ఏళ్ల పాటు కట్టుకోమన్నారు. అంత భారం మోయలేమని వాళ్లలో కొందరు మళ్లీ కోర్టు మెట్లెక్కారు.