ఇంకా పుట్టని రియాక్టర్ గారికి

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడ తీరాన వెలియబోతున్న, ఏళ్ళ తరబడి వెలియబోతూనే ఉన్న అణు విద్యుత్ కేంద్రం గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేం క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాం అని రాయడం మర్యాదే గానీ, పుట్టనివాళ్ళ క్షేమం ఎలా అడగాలో తెలియక ఆ వాక్యం వదిలేస్తున్నాను.

2009లో కేంద్ర ప్రభుత్వం మీకు సూత్రప్రాయంగా అనుమతి ఇచ్చింది. అప్పుడు మూడో తరగతి చదువుకునే పిల్లలు ఈపాటికి పెళ్ళిళ్ళు చేసుకున్నారు. మీరు మాత్రం సూత్రప్రాయం దాటలేదు. మీ పేరు మీద రెండు వేల ఎకరాల పైచిలుకు భూమి, సర్వేలు, గ్రామసభలు, ధర్నాలు, టీవీ చర్చలు అన్నీ వచ్చాయి. కరెంటు ఒక్కటే రాలేదు.

ఆ టీవీ చర్చలు మీరు చూసి ఉండరు. ఒకాయన మీరు లేకపోతే దేశం చీకటైపోతుందంటాడు. ఎదురుగా కూర్చున్నాయన మీరొస్తే శ్రీకాకుళం ఇంకో హిరోషిమా అంటాడు. ఇద్దరూ మిమ్మల్ని చూసినవాళ్ళు కాదు. బాంబు మాట ఉత్తదేనని నేనే మీ తరఫున చెబుతుంటాను. మీ ఇంధనంలో పగిలి శక్తినిచ్చే రకం యురేనియం, యురేనియం-235, ఐదు శాతం లోపే ఉంటుంది, బాంబుకైతే తొంభై శాతం దాకా కావాలి. బొగ్గు మసితో పోలిస్తే మీరు శుభ్రమైనవారని కూడా ఒప్పుకుంటాను. కాబట్టి నన్ను మీ శత్రువుల జాబితాలో రాసుకోకండి.

మిమ్మల్ని మొదట జీఈ-హిటాచీ వాళ్ళు కడతారన్నారు. మన 2010 అణు ప్రమాద పరిహార చట్టం చూసి వాళ్ళు వెనక్కి తగ్గారు. భోపాల్ దెబ్బ తిన్న దేశం కదా, యంత్రంలో లోపం వల్ల ప్రమాదం జరిగితే యంత్రం అమ్మినవాడి దగ్గరా డబ్బు రాబట్టుకోవచ్చని అందులో ఒక క్లాజు పెట్టింది. మా ఊళ్ళకొచ్చి ప్రమాదం అసలు జరగనే జరగదన్నారు, ఢిల్లీకెళ్ళి జరిగితే మాకు సంబంధం లేదని రాసివ్వమన్నారు. రెండూ ఒకే నోటితో ఎలా అంటారో! 2025 డిసెంబరులో కొత్త చట్టం వచ్చి ఆ క్లాజు భయం కూడా పోయింది. ఇప్పుడు మీరు ధైర్యంగా ఉండొచ్చు. ధైర్యం తెచ్చుకోవాల్సింది మేమే.

2016లో అమెరికా వెస్టింగ్‌హౌస్ రంగంలోకి దిగింది. ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఏపీ-1000 అనే వాళ్ళ నమూనా రియాక్టర్లు ఆరు, మొత్తం 7,248 మెగావాట్లు. 2025 మొదట్లో దేశంలోని అణు కేంద్రాలన్నీ కలిపి 8 వేల చిల్లర మెగావాట్లే. అంత పెద్దవారు మీరు! వాళ్ళకు ముందు అనుకున్న చోటు గుజరాత్‌లోని మీఠీ విర్దీ. అక్కడి రైతులు వద్దు పొమ్మన్నారు, ఆ రియాక్టర్లను ఇటు పంపించారు. తమాషా ఏమిటంటే, అవి గుజరాత్ వదిలి ఇక్కడికి బయల్దేరాయి, మా మత్స్యకారులేమో ఇక్కడ బతుకుతెరువు లేక గుజరాత్‌లోని వేరావల్‌కు పోతుంటారు. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల నీళ్ళతో చేపలు తగ్గిపోయాయని వాళ్ళు మొత్తుకుంటూనే ఉన్నారు. అలా వేరావల్ పోయినవాళ్ళలో కొందరు 2018 చివర్లో పాకిస్తాన్‌కు చిక్కి, ఏడాదికి పైగా కరాచీ జైల్లో మగ్గి, 2020 జనవరిలో ఇళ్ళు చేరారు. ఇప్పుడు మీ వేడినీళ్ళు కూడా ఈ సముద్రంలోకే వదులుతారట కదా.

మీ కంపెనీ వెస్టింగ్‌హౌస్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఇటు రావడానికి ఒప్పుకున్న మరుసటేడు, 2017 మార్చిలో, దివాలా పిటిషన్ వేసింది. తర్వాత కోలుకుంది లెండి. మీ నమూనా రియాక్టర్లే, మీ అన్నలిద్దరు అమెరికాలోని జార్జియాలో పుట్టారు. ఖర్చు 1,400 కోట్ల డాలర్లు అనుకుంటే 3,000 కోట్లు దాటింది, ఏడేళ్ళు ఆలస్యమైంది. సౌత్ కరోలినాలో ఇంకో ఇద్దరిని సగంలోనే వదిలేశారు. చైనాలో మాత్రం నలుగురు 2018-19 నుంచి బాగానే పనిచేస్తున్నారు, అదీ చెప్పాలి. ఇక్కడ కరెంటు యూనిట్ ఎంత పడుతుందని అడిగితే మాత్రం ఎవరూ నోరు విప్పరు. మార్కెట్లో వంకాయ కొనేటప్పుడు కూడా ముందు ధరే అడుగుతాం కదండీ.

భద్రత గురించి మీ పుస్తకం చదివాను. ఫుకుషిమాలో కరెంటు పోయి, సునామీలో జనరేటర్లు మునిగి, నీళ్ళు తోడే దిక్కు లేకపోయింది. మీకా బాధ లేదట. నెత్తిమీద ట్యాంకు ఉంటుంది, కరెంటు లేకపోయినా 72 గంటలు చల్లబరుస్తుంది. నిజంగా మంచి ఏర్పాటు. తర్వాత ట్యాంకు నింపాలి. చిన్న పని. కాకపోతే 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా జిల్లా అవతలి కొసన ఉద్దానంలో 72 గంటలు కాదు, రోజుల తరబడి కరెంటు లేదు, రోడ్ల మీద కొబ్బరి చెట్లు. ట్యాంకు నింపేవాళ్ళు ఏ దారిన వస్తారో ఆ పుస్తకంలో నాకు కనబడలేదు.

మీరు వదిలే చెత్తలోని ప్లుటోనియం-239 సగం తగ్గడానికి 24 వేల ఏళ్ళు పడుతుంది. శాలిహుండం స్తూపాలకు రెండు వేల ఏళ్ళే, అవెవరివో బోర్డు చూస్తే గానీ మా పిల్లలకు తెలీదు. మీ చెత్త దగ్గర ఏ భాషలో బోర్డు పెడతారో ముందే అనుకోండి.

జవాబు రాస్తే రెండు ముక్కలు చాలు. వస్తే ఎప్పుడు, ఎంతకి, పూచీ ఎవరిది? రాకపోతే భూముల కాగితాలు జతచేసి పంపండి. భూసేకరణ నోటిఫికేషన్ పడ్డ భూమిని కొనేవాడు ఉండడు, దాన్ని నమ్మి అప్పిచ్చేవాడూ ఉండడు.

ఇట్లు,
మీ కరెంటు కోసం కాక, మీ కబురు కోసం చూస్తున్న ఒక శ్రీకాకుళం వాడు

తా.క.: జవాబు వేరావల్‌కు పంపినా ఫర్వాలేదు. చేపలవేట సీజన్లో మా మగవాళ్ళు చాలామంది అక్కడే దొరుకుతారు.