హంద్రీ ఒడ్డున కొబ్బరిచెట్టు

కర్నూలులో నది బొమ్మ గీయదలచినవాడు ముందుగా కొబ్బరిచెట్టు గీయాలి. ఇది జీవో కాదు. జీవో అయితే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. ఇది ప్రజాభిప్రాయం, అందుకే ఇంత కచ్చితంగా అమలవుతోంది.

మధ్యాహ్నం బాక్సు తినేశాక మిగిలిన కాస్త టైములో స్కెచ్‌బుక్కు, చిన్న రంగుల పెట్టె, సీసాలో నీళ్లు తీసుకుని హంద్రీ నది వంతెన మీదికి పోవడం నాకున్న ఒకే ఒక్క దురలవాటు. మా ఆఫీసులో మిగతావాళ్లు ఆ టైములో రీల్స్ చూస్తారు, డీఏ ఎప్పుడొస్తుందో చర్చిస్తారు, కుర్చీలోనే కునుకు తీస్తారు. వాళ్లను ఎవరూ ఏమీ అడగరు. నన్ను మాత్రం దారిన పోయే ప్రతి బండీ ఆగి మరీ అడుగుతుంది: "సార్, కొబ్బరిచెట్టు యాడ?"

ఈ రోగం ఎక్కడ అంటుకుందో మీకూ తెలుసు. మూడో తరగతి డ్రాయింగు నోటుబుక్కులో. రెండు త్రికోణం కొండలు, వాటి సందులో సగం సూర్యుడు, అక్కడి నుంచి తిన్నగా మన ఒళ్లోకి వచ్చిపడే నీలం నది, ఒడ్డున గుడిసె, గుడిసె మీదికి వంగిన కొబ్బరిచెట్టు, నీళ్లలో తెరచాప పడవ. దీని పేరు 'సీనరీ'. ఆదోనిలోనూ ఇదే, ఆళ్లగడ్డలోనూ ఇదే. మన ఎర్రమల కొండలు పైన బల్లపరుపుగా ఉంటాయి. పాపం ఏ పిల్లవాడైనా కిటికీలోంచి చూసి అలాగే గీస్తే "కొండకు తల ఏదిరా?" అని అయ్యవారు ఎర్ర పెన్నుతో మొన పెట్టేస్తారు. హంద్రీ మద్దికెర వైపు పొలాల ఊటల్లో పుట్టి, గాజులదిన్నె దాటి, నేల మీద నిమ్మళంగా నడిచి వస్తుంది. ఏ రెండు కొండల మధ్యనుంచీ దూకదు. అందుకేనేమో దాన్ని సీనరీలోకి రానివ్వరు.

పడవ అడిగేవాళ్లను మాత్రం నేను క్షమిస్తాను. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ వాళ్లు కేసీ (కర్నూలు-కడప) కాలువ తవ్వినప్పుడు సాగునీటితో పాటు పడవలు నడపాలన్న ఆలోచన కూడా ఉండేది. కాబట్టి కర్నూలులో పడవకు చరిత్ర అండ కొంతైనా ఉంది. హంద్రీ ఒడ్డున కొబ్బరితోపుకు అదీ లేదు.

గోదావరికి దామెర్ల రామారావు లాంటి చిత్రకారుడు దొరికాడు. రాజమండ్రిలో ఆయన పేరిట ఆర్ట్ గ్యాలరీయే ఉంది. హంద్రీకి దొరికింది లంచ్ టైం గుమాస్తా. అయినా ఆ గుమాస్తాకు సలహాదారుల కొరత లేదు.

ఈ మధ్య ఒక మిట్టమధ్యాహ్నం ఆకాశానికి వాష్, అంటే పలచటి నీటిరంగు పూత, వేస్తున్నాను. ఒక కుర్రాడు బండి ఆపి, హెల్మెట్ తీయకుండానే వంగి చూశాడు.

"ఏం గీస్తాండావన్నా?"

"హంద్రీ."

"హంద్రీ యాడుందన్నా ఇందులో? నీళ్లే లేవు."

"అక్కడ కూడా లేవు కదప్పా."

"అక్కడ లేకుంటే నువ్వు పెట్టల్ల. నువ్వు కదా ఆర్టిస్టు!"

నీటిపారుదల శాఖ బాధ్యత నాకు బదిలీ అయిన సంగతి అప్పుడే తెలిసింది. ఇంతలో గొడుగు వేసుకుని ఒక పెద్దాయన వచ్చారు. బొమ్మలో ఒక మూలకు వేలు చూపించి, "ఆ నల్లగా ఉండేదేంది?" అన్నారు. మురుగు కాలువ నదిలో కలిసే చోటని చెప్పాను. "దానికి అడ్డంగా కొబ్బరిచెట్టు పెట్టు, సరిపోతుంది" అన్నారు. నగర పారిశుద్ధ్య చరిత్రలో ఇంత చవకైన పథకం ఇంతవరకు ఎవరూ ప్రతిపాదించి ఉండరు.

చెట్టు మంజూరైంది. ఇక అది ఏ పక్కకు వంగాలన్నది తేలలేదు. కుర్రాడు కుడికి అన్నాడు. పెద్దాయన ఎడమకు అన్నారు. సోడా బండి ఆయన బండిని ఎండలో వదిలేసి వచ్చి, అసలు రెండు చెట్లు పెట్టి ఊయల కట్టమన్నాడు. కుర్రాడు కోనసీమ రాజోలులో ఉన్న బావమరిదికి వీడియో కాల్ చేశాడు. "రేయ్, కొబ్బరిచెట్టు యా పక్కకు వంగుతాది?" అవతల బావమరిది పంచె సర్దుకుంటూ తోటలోకి వెళ్లి చూసొచ్చి, "మావి తిన్నగానే ఉన్నాయి బావా" అన్నాడు. ఈ సాక్ష్యం సభకు నచ్చలేదు. ఫోన్ పెట్టేశారు. తర్వాత ఎవరో హంసలు అన్నారు. ఎన్ని హంసలు అన్న దగ్గర మళ్లీ చర్చ. ఒడ్డున ఉన్న అబ్దుల్ వహాబ్ సమాధి గుమ్మటాలను నేను కష్టపడి గీస్తే, "ఇవెందుకు సార్, ఇది సీనరీ కాదు కదా" అని కొట్టేశారు. నవాబు గారి గోరీని కొట్టేసి హంసలకు జాగా ఇచ్చారన్నమాట.

ఈలోగా నా ఆకాశం పాడైపోయింది. కర్నూలు ఎండలో వాష్ ఎవరి తీర్మానాల కోసమూ ఆగదు. సగం వేసేసరికి ముందు వేసిన సగం ఆరిపోయి, నడుమ గట్టి గీత పడుతుంది. దాన్ని చూసి పెద్దాయన, "ఆ గీత మీదనే పక్షులు పెట్టు" అన్నారు.

అప్పుడొచ్చాడు అసలు రసికుడు. తెల్లచొక్కా, నుదుట విభూతి, బండి హుక్కుకు నల్ల క్యారీబ్యాగు. నా బొమ్మ చూసి ముఖం చిట్లించి, "నీళ్లు నీలంగా వెయ్యండి సార్. ఇట్లా బూడిదగా ఉంటే మనసుకు బాగుండదు" అన్నాడు. అంటూనే క్యారీబ్యాగు విప్పి చూసుకున్నాడు. ఎండిన పూలదండలు, అగరువత్తుల ప్యాకెట్లు, పగిలిన దేవుడి పటం. మళ్లీ ముడి వేసి, వంతెన మీదనుంచి హంద్రీలోకి విసిరాడు. విసిరిన చేతులే కళ్లకద్దుకున్నాడు. సంచి నీళ్లదాకా పోలేదు, కంపచెట్టుకు తగులుకుని వేలాడింది. "లైట్ బ్లూ అయితే ఇంకా బాగుంటుంది" అని ముగించాడు.

నీలం కావాలా నాయనా నీకు? నా పెట్టెలో అల్ట్రామెరీన్ ఉంది, కావాలంటే ట్యూబు మొత్తం పిండుతాను. నువ్వు మాత్రం ఊరి మురుగంతా అందులోకే వదులుతావు. కోళ్ల వ్యర్థాలు, పగలగొట్టిన ఇంటి మట్టి, పాత పరుపులు అన్నీ అందులోకే. ఇసుక దొరికితే ట్రాక్టరుకెత్తుతావు, జాగా దొరికితే గోడ కడతావు. గుర్రపుడెక్క పచ్చగా కమ్ముకుంటే పార్కు అనుకుని సెల్ఫీ తీసుకుంటావు. ఆ మురుగుతోనే హంద్రీ ఈ ఊరి పక్కనే తుంగభద్రలో కలుస్తుంది. తుంగభద్ర పోయి కృష్ణలో కలుస్తుంది. శ్రీశైలం జలాశయంలో నిలిచిన ఆ నీళ్లనే మల్యాల దగ్గర పంపులు పెట్టి ఎత్తి అనంతపురం వైపు పంపుతున్నాం. ఆ పథకానికి ఏం పేరు పెట్టుకున్నామో తెలుసు కదా? హంద్రీ-నీవా. పేరుకు పనికొస్తుంది. నదిగా బతకడానికి మాత్రం పనికిరాదు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊళ్లోకే వచ్చాయి. మిద్దెలెక్కి నిలబడి చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ రోజు నీళ్లు నీలంగా లేవు, మరి ఎవరూ అభ్యంతరం చెప్పలేదే! బురద తీసుకుంటూ అందరం ఒకే మాట అన్నాం, నది జాగా నదికి వదలాలని. ఇప్పుడు వచ్చి వంతెన మీద నిలబడి చూడండి, ఏ మాత్రం వదిలామో.

2020 నవంబరు, డిసెంబరుల్లో తుంగభద్ర పుష్కరాలు జరిగాయి. మళ్లీ 2032లో. అప్పుడు ఈ తెల్లచొక్కా ఆసామే అందరికంటే ముందు మెట్లు దిగి, నీళ్లు దోసిట పట్టి, "గంగమ్మ తల్లీ" అంటాడు. నీలంగా లేవని అప్పుడు మున్సిపాలిటీని తిడతాడు.

అయ్యా, మీరు చెప్పినట్టు సీనరీ బాగా రాలేదు. మీ సంచి కూడా గీశాను. ఎడమవైపు, కంపచెట్టు మీద, నల్లగా. మీ బండి నంబరు కూడా వేసేవాణ్నే గానీ, లంచ్ టైం అయిపోయింది.