రెండు టెరాబైట్ల హార్డ్ డిస్కు గారికి ఒక రసికుని విన్నపం

మహారాజశ్రీ హార్డ్ డిస్కు గారి సముఖమునకు,

విశాఖపట్నం నుండి ఒక సంగీతాభిమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఇక్కడ మేమందరం క్షేమం. తమరు కూడా బీరువా రెండో అరలో, పట్టుచీరల పక్కన, సిలికా జెల్ పొట్లాల నడుమ, సముద్రపు ఉప్పుగాలి సోకకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. తలుస్తానని ఎందుకంటున్నానంటే, తమ యోగక్షేమాలు స్వయంగా విచారించే అవకాశం ఈ మధ్య కొత్త కచేరీలు లోపల పెట్టేటప్పుడే తప్ప, ఉన్నవాటిలో ఒకదానిని తీసి వినేటప్పుడు కలగడం లేదు.

తమ సామర్థ్యాన్ని గురించి మా బృందంలో అందరికీ అపారమైన గౌరవం. మా బృందమంటే ఎవరో కారు. ద్వారకానగర్, ఎంవీపీ కాలనీ, దొండపర్తి ప్రాంతాలకు చెందిన, ఉద్యోగాలు విరమించిన, లేదా విరమించడానికి రోజులు లెక్కపెట్టుకుంటున్న శాస్త్రీయ సంగీత ప్రియులం. మొన్న ఒకరు కాగితం, కలం తీసుకుని తమ లోపలి సరుకును లెక్క కట్టారు. సెకనుకు 128 కిలోబిట్ల (కేబీపీఎస్) నాణ్యత గల ఎంపీత్రీ అయితే గంట సంగీతానికి దాదాపు 58 మెగాబైట్లు చాలు కాబట్టి, నిండుగా ఉన్న తమలో ముప్పై నాలుగు వేల గంటలకు పైగా సంగీతం పడుతుంది. రోజుకు రెండు గంటల చొప్పున, మధ్యలో పెళ్ళిళ్ళు, పురుళ్ళు, మోకాలి నొప్పులు, మనవల పరీక్షలు ఏవీ అడ్డురాకుండా వింటే నలభై ఏడేళ్ళు పడుతుంది. లెక్క కట్టినాయన వయసు అరవై ఎనిమిది. ఆయన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఇంకో నాలుగు టెరాబైట్ల డిస్కు ధర ఎంత ఉందో కనుక్కోమన్నారు.

ఈ ధైర్యమంతా తమరు ఇచ్చినదే. కాశీకి పోలేనివాడు పోయేవాడి చేతిలో రూపాయి పెట్టి, నా పేరు మీద కూడా ఒక మునక వేయవయ్యా అన్నట్టుగా, మా అందరి తరఫున తమరే వింటున్నారన్న భరోసాతో మేము నిశ్చింతగా ఉన్నాము. రాగాలాపనలు, నెరవులు, స్వరకల్పనలు అన్నీ తమ లోపల భద్రంగా ఉన్నప్పుడు మా చెవులకు వేరే శ్రమ ఎందుకు?

ఇక తమలోకి చేరిన సరుకు ఏ దారిన వచ్చిందో తమకు తెలియనిది కాదు. గాత్ర విద్వాంసులు వోలేటి వెంకటేశ్వర్లు గారు ఎవరి ఇంట్లోనో ఆత్మీయుల మధ్య పాడినదని చెప్పే ఒక రికార్డింగు ఉంది చూశారూ, అది మా చేతికి వచ్చినప్పుడు ఇచ్చినాయన తలుపు దగ్గరగా వేసి, మూడో కంటివానికి తెలియకూడదని, ఇంకెవరికీ ఇవ్వనని మాట ఇస్తేనే ఇస్తానని అన్నారు. మాట ఇచ్చాము. ఆయనకు ఇచ్చినవారు కూడా అదే మాట తీసుకున్నారట. వారికి ఇచ్చినవారూ అంతే. ఈ విధంగా, ఎవరికీ ఇవ్వకూడదన్న ఒట్టు మీదనే ఆ రికార్డింగు సిరిపురం నుంచి గాజువాక దాకా ప్రతి సంగీతాభిమాని ఇంట్లోనూ వెలసింది. ఎవరింట్లో వారు అది తమ దగ్గర మాత్రమే ఉందని పొంగిపోతున్నారు. అందరి దగ్గరా ఉన్నదని బయటపడితే దాన్ని ఎవరైనా పూర్తిగా వింటారేమో గాని, అరుదైనది కనుక ప్రస్తుతానికి దాచుకుంటున్నాము.

పేర్ల విషయంలో తమ ఉదారత గురించి చెప్పకపోతే ఈ లేఖ అసంపూర్ణమవుతుంది. మన దేశంలో తొలినాళ్ళ గ్రామఫోను రికార్డుల కోసం 1902లో కలకత్తాలో పాడిన గౌహర్ జాన్, పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. ఎక్కడో జర్మనీలోని హానోవర్‌లో రికార్డు అచ్చువేసేవారు చీటీ మీద పేరు తప్పుగా వేయకూడదని ఆ ఏర్పాటు. ఆమె జాగ్రత్త ఆమెది. తమ లోపల మాత్రం అత్యధిక సంఖ్యలో కచేరీలు చేసిన మహావిద్వాంసుని పేరు ‘అన్‌నోన్ ఆర్టిస్ట్’. ఈయన మగ గొంతుతోనూ ఆడ గొంతుతోనూ పాడతాడు. వీణ, నాదస్వరం, గోటువాద్యం వాయిస్తాడు. ఉదయం హరికథ చెప్పి సాయంత్రం సితారు పట్టుకుంటాడు. ఆయన పాడే రాగాలలో ‘ట్రాక్ 01’ మిక్కిలి ప్రసిద్ధం. ఇంత బహుముఖ ప్రజ్ఞాశాలికి ఇంతవరకు ఒక్క శాలువా కప్పిన పాపాన పోలేదే అని నాకు విచారం.

రాగాల వారీగా సర్దుకుందామని మా బృందంలో ఒక ఉత్సాహవంతుడు పూనుకున్నప్పుడు తమ లోపల ‘తోడి’ అనే ఫోల్డరు ఏర్పడింది. అందులో మన తోడి, హిందుస్తానీ వారి తోడి ఒకే పంక్తిలో కూర్చున్నాయి. వారి తోడి స్వరస్థానాలు మన శుభపంతువరాళివి. మన తోడి స్వరాలు వారి భైరవివి. మన భైరవి మళ్ళీ వేరు, దానికి ఎక్కేటప్పుడు ఒక ధైవతం (‘ద’ స్వరం), దిగేటప్పుడు మరొక ధైవతం. ఈ బంధుత్వాలన్నీ విడదీయాలంటే కూర్చుని వినాలి. వినకుండానే సర్దడం సాధ్యమని నిరూపించిన ఘనత తమ ఫోల్డరుది.

శ్రుతి సంగతి ఇంకా విచిత్రం. టేపు నుంచి టేపుకు, టేపు నుంచి కంప్యూటరుకు ఎక్కించేటప్పుడు వేగం ఆరు శాతం పెరిగితే చాలు, శ్రుతి అర మెట్టు పైకి జరుగుతుంది. ఒకటిన్నర శ్రుతిలో పాడిన గాయకుడు తమ లోపల రెండు శ్రుతిలో, కాస్త చిన్నపిల్లవాడి గొంతుతో, తాళాన్ని ఎవరో తరుముతున్నట్టుగా పాడుతున్నాడు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ రికార్డు ఒకటి తమ వద్ద మూడు ప్రతులుగా, మూడు శ్రుతుల్లో ఉంది. పది అంగుళాల 78 ఆర్‌పీఎం రికార్డుకు ఒక్కో వైపు మూడు నిమిషాలు, మహా అయితే మూడున్నర. అంత ఇరుకులో రాగాన్ని నిలబెట్టిన ఆ వాద్యం చూడండి, దాన్ని మూడుసార్లు దాచుకునే తీరిక ఉన్న మాకు మూడు నిమిషాలు వినే తీరిక కుదరడం లేదు.

అన్నిటికన్న మించి తమకు నివేదించవలసిన సంఘటన ఒకటి ఉంది. దొండపర్తిలో పోర్టు ట్రస్టు గుమాస్తాగా రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన సంపద ఒక చెప్పుల అట్టపెట్టె; అందులో క్యాసెట్లు. ప్రతి క్యాసెట్టు వెన్ను మీద గుండ్రని చేతిరాతలో రాగం, తాళం, పక్కవాద్యాల పేర్లు. టేపు సాగితే పెన్సిలు దూర్చి తిప్పుకుంటారు. నెలకోసారి స్పిరిటులో ముంచిన దూదితో ప్లేయరు హెడ్డు తుడుచుకుంటారు. ఒక సాయంత్రం మేము నలుగురం ఆయన ఇంటికి వెళ్ళి, తమ కీర్తిని చాటే ఉద్దేశంతో, తమలోంచి ఫోనులోకి ఎక్కించుకున్న ఒక ఆలాపన వినిపించాము. ఆయన ఫ్యాను ఆపించి, కళ్ళు మూసుకుని, “ఏం రాగం బాబూ ఇది?” అన్నారు. మాలో ఒకాయన వెంటనే ఫోను తిప్పి చూసి, “ఆరభి అండీ, ఇదిగో ఫైలు మీద రాసి ఉంది” అన్నారు.

“పాడుతున్నది ఫైలు కాదు కదా బాబూ, ఆయన కదా? కొంచెం ఆయన్ని కూడా వినండి” అన్నారు పెద్దాయన.

అది దేవగాంధారి. కాగితం మీద చూస్తే రెండింటికీ ఆరోహణ ఒకటే, స రి మ ప ద స. దిగేటప్పుడు వచ్చే స్వరాలూ అవే. రెండూ ఇరవై తొమ్మిదో మేళం, అంటే తల్లిరాగం, అయిన శంకరాభరణం పిల్లలే. పుస్తకం చూసి నేర్చుకున్నవాడు ఇక్కడ బోల్తా పడక తప్పదు. కానీ ఆరభిలో గాంధార నిషాదాలు (గ, ని) తళుక్కుమని తప్పుకుంటాయి, నడక చురుకుగా ఉంటుంది, స్వరాలు నిటారుగా నిలబడతాయి. దేవగాంధారికి తొందర లేదు. అందులో రిషభం (రి) దీర్ఘంగా ఊగుతుంది, గాంధారం నిలుస్తుంది, ప్రతి సంచారం గమకంతో ఒరుసుకుంటూ కదులుతుంది. మా పెద్దాయనకు ఈ మాటలేవీ అక్కరలేదు. రిషభం మీద గాయకుడు మొదటిసారి నిలబడ్డప్పుడే ఆయన తల ఒక పక్కకు ఒరిగింది. ఇదెలా పట్టుబడిందని అడిగితే, తన దగ్గర దేవగాంధారి ఒక్కటే క్యాసెట్టు ఉండేదని, వేరేది కొనే స్తోమత లేక ఏళ్ళ తరబడి అదే విన్నానని చెప్పారు. మా దగ్గర, అంటే తమ దగ్గర, దేవగాంధారి ఎన్ని ఉన్నాయో వెతకడానికి మాకు సెర్చ్ పెట్టె కావలసి వచ్చింది. అందులోనూ ఇది తగల్లేదు, ఆరభి అని రాసి ఉంది కనుక.

అలాగని క్యాసెట్లకు హారతి పట్టమని నేను అనడం లేదు. తొంభై నిమిషాల క్యాసెట్టుకు ఒక్కో వైపు నలభై ఐదు నిమిషాలే. గాయకుడు స్వరకల్పనలో ముక్తాయింపుకు ఉరుకుతుండగా ‘టక్’ మని ఆగి, తిప్పి వేసేసరికి చప్పట్లు వినిపించిన క్షోభ అనుభవించినవారికే తెలుస్తుంది. మన విశాఖ తేమకు టేపు మీద తెల్లటి బూజు పట్టి, ఎంత తుడిచినా వదలక, మంచి కచేరీలు ఎన్నో పోయాయి. వాటిలో కొన్నింటినైనా తమరు కాపాడారు. ఆ ఉపకారం కాదనను. ఆకాశవాణి జాతీయ సంగీత కార్యక్రమం 1952లో మొదలైన కాలం నుంచి, శనివారం రాత్రి దాని కోసం రేడియో ముందు కాచుకున్నవారు ఆ గంటన్నర ఎటూ కదిలేవారు కారని పెద్దలు చెబుతారు. తప్పిపోతే మళ్ళీ రాదన్న భయం వారిని కూర్చోబెట్టింది. తమరు ఆ భయం తీర్చారు. దాంతోపాటు కూర్చోవడం కూడా తీరిపోయింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి, ఊరంతా రోజుల తరబడి కరెంటు లేక చీకట్లో ఉన్నప్పుడు తమరు ఎంత గంభీరంగా మౌనం పాటించారో గుర్తుందా? ఆ రాత్రుల్లో మా వీధిలో ఒక ఇల్లాలు, చిన్నప్పుడు నేర్చుకున్న వర్ణాన్ని రెండు కాలాల్లోనూ పాడి పిల్లల్ని నిద్రపుచ్చింది. చరణం దగ్గర ఒక స్వరం మరచిపోయి మళ్ళీ అందుకుంది. అదే వర్ణం తమ లోపల హేమాహేమీలు పాడినవి వరసగా ఉన్నాయని నేను వారికి చెప్పాను. వారు సంతోషించారు.

తమ శిష్యప్రశిష్యులైన ఫోన్లు ఇప్పుడు పిఠాపురం కాలనీలోని కళాభారతి ఆడిటోరియం దాకా వచ్చేశాయి. కచేరీ మొదలవగానే ముందు వరసలో ఒకాయన ఫోను నిలబెట్టి, ఎర్రచుక్క వెలుగుతోందా, బ్యాటరీ ఎంత ఉంది, పక్కాయన తల అడ్డం వస్తోందా అన్న చింతలో, ఎదురుగా ఉన్న విద్వాంసుణ్ణి అరచేతి వెడల్పు అద్దంలో చూస్తుంటారు. ఇంటికి వెళ్ళి తీరికగా విందామని ఆయన ఉద్దేశం. తని ఆవర్తనం, అంటే మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టం, మొదలు కాగానే స్థలం ఆదా చేయడానికి రికార్డింగు ఆపి, కాఫీకి లేస్తారు. మృదంగ విద్వాంసుడు ఇంతసేపూ ఈ ఒక్క ఘడియ కోసమే ఒదిగి వాయించాడన్న సంగతి ఆ ఫోనుకు తెలియదు, పాపం.

ఇంకొక మాట అడగాలని ఉంది. గాత్ర విద్వాంసులు నేదునూరి కృష్ణమూర్తి గారు విజయనగరం సంగీత కళాశాలలో చదువుకుని, శ్రీపాద పినాకపాణి గారి దగ్గర సానబట్టుకుని, కడపటి ఏళ్ళు ఈ ఊళ్ళోనే శిష్యులకు పాఠం చెబుతూ గడిపి, 2014 డిసెంబరులో ఇక్కడే కన్నుమూశారు. పాఠం వినిపించే గది ఆటో దూరంలో ఉండగా, మా బృందంలో కొందరు ఆయన పాత కచేరీల కోసం మద్రాసుకు ఉత్తరాలు రాసి, చందాలు వేసుకుని తెప్పించి తమకు సమర్పించారు. ఆ ఫోల్డరు చివరిసారి తెరిచిన తేదీ తమరే చెప్పాలి. ఆ వివరం తమరి దగ్గర నమోదై ఉంటుందని విన్నాను.

ప్రస్తుతానికి నా మనవి చిన్నది. తమరు ఈ మధ్య లోపలి నుంచి ‘టిక్కు టిక్కు’ మని శబ్దం చేస్తున్నారు. అది ఏ తాళమో తేల్చుకోలేక మేము భయపడుతున్నాము. కాబట్టి వచ్చే ఆదివారం ఎంవీపీ కాలనీ నుంచి మిత్రుడొకరు తన ఐదు టెరాబైట్ల డిస్కుతో వస్తున్నారు. తమ సరుకంతా అందులోకి, అందులోని సరుకు తమలో పట్టినంత తమలోకి మార్చుకుంటాము. ఆయన తెచ్చే జాబితా ముందుగా పంపారు. అందులో ఆ వోలేటి గారి రికార్డింగు కూడా ఉంది. ఎవరికీ ఇవ్వనని మాట ఇస్తేనే ఇస్తారట. మన దగ్గర అది ఇప్పటికే రెండు చోట్ల ఉందని నాకు తెలుసు. కానీ ఆయన ప్రతి అర శ్రుతి తక్కువలో ఉందంటున్నారు, కనుక కాస్త చోటు చేసి ఉంచగలరు.

ఇట్లు,
భవదీయ విధేయుడు,
ఒక రసికుడు,
విశాఖపట్నం