386 కోట్ల సున్నా

ఆదివారం ఉదయం మా ఆవిడ చేపల పులుసుకు కావలసిన సరుకుల చీటీ చేతికిచ్చి, నన్ను నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటకు తరిమింది. ముందురోజు రాత్రి మా మేనల్లుడు, 2ను 32 సార్లు వేసి గుణించి 1 కలిపితే వచ్చే 429,49,67,297 ప్రధాన సంఖ్యేనా మామయ్యా అని అడిగి, నా నిద్ర తాను పట్టుకుపోయాడు. 2ను 1, 2, 4, 8, 16 సార్లు వేసి ఇలాగే చేస్తే వచ్చే 3, 5, 17, 257, 65,537 ప్రధాన సంఖ్యలు కావడం చూసి ఆ వరుసలో ఇదీ అంతేనని 17వ శతాబ్దంలో ఫెర్మా అనే గణితవేత్త నమ్మగా, 1732లో ఆయిలర్ అనే మరో గణితవేత్త దాన్ని రెండు సంఖ్యల లబ్ధంగా, రెండు ముక్కలు చేశాడు. ఆ ముక్కలు కాగితం మీద చేసి చూపిస్తానని, లెక్కల అయ్యవారుగా రిటైరైన బింకంతో మాట ఇచ్చాను.

నిజానికి పని కొండంతేమీ కాదు. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 64తో భాగిస్తే 1 మిగలాలి కనుక 193, 257, 449, 577, 641 అంటూ చూసుకుపోతే చాలు. మొదటి నాలుగింటి సంగతి రాత్రే తేలిపోయింది. 641ని మాత్రం కొట్టు ముందు, నా వంతు వచ్చేలోగా, చీటీ వెనుకవైపు మొదలుపెట్టాను. 4294లో ఆరుసార్లు పోగా 448. 9 దించితే 4489, ఏడుసార్లు పోగా 2. ఆపైన 6 దించినా చాలదు, 7 దించినా చాలదు. రెండు సున్నాలు పెట్టవలసిన ఆ చోట ఎవరిదో సంచీ మోచేతికి తగిలి ఒక్కటే పెట్టాను. చివరకు శేషం లేదు, భాగఫలం 6,70,417. అంకెలు కూడి తొమ్మిదులు తీసివేసి సరిచూస్తే రెండువైపులా 5 వచ్చింది. సున్నా ఎగిరిపోయినా అంకెల మొత్తం మారదని ఏటేటా పిల్లలకు చెప్పినవాణ్ణి నేనే, అప్పుడు మరచినవాణ్ణీ నేనే.

చీటీని తిరగేసి ఇచ్చానని గమనించలేదు. గుమాస్తా కళ్ళజోడు సవరించుకొని, పెదవులు కదుపుతూ చదివి, "ఇది ఎవరి పద్దు అయ్యోరూ? 641 చొప్పున ఆరు లక్షల డెబ్బై వేలకు నలభై మూడు కోట్లే గదా. పైన 429 కోట్లు వేసినారే, మిగతా 386 కోట్లు ఎవరు మింగినారు?" అన్నాడు. కొట్టు ముందున్నవాళ్ళందరూ నావైపు తిరిగారు. అంత సొమ్ము మింగే ముఖమా కాదా అని ఒకాయన తేరిపార చూశాడు కూడా. గుమాస్తా చెవి మీది పెన్సిలు తీసి, 67 తరువాత ఒక సున్నా ఇరికించి 67,00,417 చేసి, పద్దు తేలిన తృప్తితో చీటీని ఇనుప కమ్మికి గుచ్చేశాడు.

దాన్ని వెనక్కి అడగడానికి ముఖం చెల్లక, గుర్తున్నవి కొని ఇంటికి వచ్చాను. ధనియాలు, మెంతులు, ఎండుమిరపకాయలు ఉన్నాయి. చింతపండు లేదు. కొరమీను ముక్కలు ఉప్పు, పసుపు పట్టించుకొని గిన్నెలో సిద్ధంగా ఉన్నాయి. "పులుసులోకి పులుపు ఏదండీ?" అని ఆవిడ అడిగితే, ఆయిలర్ పేరు చెప్పే ధైర్యం చాలలేదు.

సాయంత్రం మేనల్లుడు ఆ వరుసలో తరువాతి సంఖ్యను, ఇరవై అంకెలదాన్ని, ఒక కాగితం మీద రాసి తెచ్చాడు. పెన్సిలు పట్టుకునే ముందు కాగితాన్ని తిప్పి చూశాను. కరెంటు బిల్లు.