అవార్డులు ఉన్నాయి సరే, నామినేషన్ల కాలం ఏది?

2022 సెప్టెంబరులో ఆస్కార్‌కు మన దేశం తరఫున ‘ఆర్ఆర్ఆర్’ వెళ్ళట్లేదని తెలిసిన రాత్రి మా టీ కొట్టు దగ్గర జరిగిన రచ్చ నాకింకా గుర్తుంది. తిరుపతిలో బాలాజీ కాలనీ దాటి యూనివర్సిటీ వైపు పోయే దారిలో ఉంటుంది ఆ కొట్టు. రాత్రి తొమ్మిది దాటాక మేం తొమ్మిది మంది అక్కడ చేరతాం. లాడ్జి రిసెప్షన్‌లో పనిచేసే వాడున్నాడు, సెల్‌ఫోన్ షాపు వాడున్నాడు, పలమనేరు నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్నవాడున్నాడు, అందరికంటే పెద్దాయన ఒకరు, ఒకప్పుడు సినిమా హాల్లో ఆపరేటర్. ఆయన్ని మేం ఆపరేటర్ అన్న అనే పిలుస్తాం.

ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా ఆ ఏడాది ఎంపిక చేసింది ‘ఛెల్లో షో’ అనే గుజరాతీ సినిమాని. అప్పటికి అది మన థియేటర్లలోకి కూడా రాలేదు. మాలో ఒక్కరూ చూడలేదు, చూసే వీలే లేదు, అయినా ఆ రాత్రి దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాం. డిసెంబరులో ఆస్కార్ వాళ్ళు అంతర్జాతీయ చిత్రాల విభాగంలో 15 సినిమాల షార్ట్‌లిస్టు ఇచ్చారు, అందులో ఈ సినిమా పేరు ఉంది. అప్పుడు, సరే అసలు ఇందులో ఏముందో చూద్దాం అని నెట్‌ఫ్లిక్స్‌లో పెట్టాం. సౌరాష్ట్రలోని ఒక పల్లెటూరి పిల్లాడు, సినిమా హాల్లో ప్రొజెక్టర్ రూంలోకి దూరి రీళ్ళ మీద, వెలుగు మీద మనసు పారేసుకుంటాడు. చివర్లో డిజిటల్ వచ్చేస్తుంది. పాత ప్రొజెక్టర్లను కరిగించి చెంచాలు చేస్తారు, ఫిల్మును కరిగించి గాజులు చేస్తారు.

ఆ గాజుల దగ్గర ఆపరేటర్ అన్న ఫోను మా చేతిలో పెట్టి లేచి అవతలికి పోయినాడు. కాసేపటికి వచ్చి, ఒకే ప్రింటుతో రెండు హాళ్ళలో ఆట ఆడించిన రోజుల్లో రీళ్ళ డబ్బా సైకిల్ మీద కట్టుకుని తొక్కిన సంగతి, ప్రొజెక్టర్‌లో వెలుగునిచ్చే కార్బన్ కడ్డీలు ఆరిపోకుండా కన్నార్పకుండా చూసుకున్న సంగతి, రీళ్ళు లేకుండా డిజిటల్‌గా ఆట ఆడించే క్యూబ్ వచ్చాక ఒక్క రోజులో తనతో ఇంక పని లేకుండా పోయిన సంగతి చెప్పుకొచ్చాడు. ఏళ్ళుగా ఆయనతో టీ తాగుతున్నాం. ఇవేవీ మాకు తెలియవు. ‘ఆర్ఆర్ఆర్’ని పంపి ఉండాల్సిందన్న నా అభిప్రాయం మారలేదు, కానీ ఆ గుజరాతీ సినిమాని మేం తిట్టిన తీరు తప్పని ఆ రాత్రే ఒప్పుకున్నాం.

అప్పటి నుంచి నా బుర్రలో తిరుగుతున్న మాట ఒకటుంది. మన దగ్గర అవార్డులకు కరువు లేదు. లేనిదల్లా అవార్డుకు ముందు ఉండాల్సిన కాలం, అంటే ఫలానా సినిమాలు పోటీలో ఉన్నాయి, చూసుకోండి, మాట్లాడుకోండి అని జనానికి ఇచ్చే ఆ కొన్ని వారాలు. ఆస్కార్ వాళ్ళకు డిసెంబరులో షార్ట్‌లిస్టులు, జనవరిలో నామినేషన్లు, మార్చిలో ఫలితం. మనకు ప్రెస్‌మీట్ ఒక్కటే. ఆ రోజు సాయంత్రం పేర్లు చదువుతారు, మనం టీవీ ముందు కూర్చుని వింటాం, అయిపోయింది.

ఆ కొన్ని వారాలు ఏం చేస్తాయో 2023లో కళ్ళారా చూశాను. జనవరి 24న ‘నాటు నాటు’ ఒరిజినల్ సాంగ్ విభాగంలో నామినేట్ అయింది. మిగతా నాలుగు పాటలేంటో తెలుసుకోవాలని ఎవరూ చెప్పకుండానే మాకు అనిపించింది, ఎందుకంటే పోటీలో మనవాళ్ళున్నారు, అవతల ఎవరున్నారో తెలియకపోతే టెన్షన్ ఆగదు. లేడీ గాగా పాట, రిహానా పాట అంటే కుర్రాళ్ళకు కొంత తెలుసు. టీ కొట్టు బల్ల మీద బిస్కెట్ల జాడీకి ఫోను ఆనించి ఒక్కోటి రెండేసి సార్లు విన్నాం. రిహానా పాట బాగుందని ఒప్పుకోవడానికి మా లాడ్జి వాడికి రెండు రోజులు పట్టింది. పాట అంటే ఏంటి, సినిమాలో దాని పనేంటి, డాన్సుకు వేసిన మార్కులు పాటకు పడతాయా అని మేం ఆ ఏడు వారాలు మాట్లాడుకున్నంతగా అంతకు ముందెప్పుడూ మాట్లాడుకోలేదు. మార్చి 13 ఉదయం, ఇక్కడ జనం టిఫిన్లు చేసే వేళకు, కీరవాణి, చంద్రబోస్ వేదిక ఎక్కారు. కొట్టాయన ఆ రోజు టీకి డబ్బులు తీసుకోలేదు.

నాకు ఆ గెలుపు కంటే ఇంకో సంగతి ఎక్కువగా గుర్తుండిపోయింది. అదే జాబితాలో డాక్యుమెంటరీ షార్ట్ విభాగంలో ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ ఉంది. తమిళనాడులో ముదుమలై అడవిలో తల్లి లేని ఒక ఏనుగు పిల్లని పెంచిన బొమ్మన్, బెల్లి దంపతుల కథ, నలభై నిమిషాలు. పాట కోసం జాబితా చదువుతుంటే మా పలమనేరు వాడి కంట పడింది. వాళ్ళ ఊరు కౌండిన్య అభయారణ్యం పక్కనే. వాడికి ఏనుగంటే రాత్రిపూట తోటలో పడి టమాటా తొక్కేసే మంద, టపాకాయలు, కందకాలు, కరెంటు కంచెలు. చూశాక వాడు అన్నమాట ఇది: “ఆ పిల్ల ఏనుగుని చూస్తే ముద్దొస్తాంది, కాదనను. మా నాయన చూస్తే ఏమంటాడో మాత్రం తెల్దు. ఈ సినిమా ఊర్లో అందరికీ చూపించల్ల.” చూపించాడు కూడా. సంక్రాంతికి తప్ప ఊరికి పోనివాడు ఆ ఆదివారం పనిగట్టుకుని పోయి ఇంట్లో వాళ్ళందరినీ కూర్చోబెట్టి చూపించాడు. వాళ్ళ నాన్న ఏమీ అనలేదట, సినిమా అయిపోయాక ఆ పిల్ల ఏనుగుకి ఏం పెట్టి పెంచారని మాత్రం అడిగాడట. ‘నాటు నాటు’ నామినేట్ కాకపోయి ఉంటే పలమనేరు పక్కన ఒక రైతు ఇంట్లో ఆ డాక్యుమెంటరీ ఆడేది కాదు. గెలిచిన సినిమాకి చప్పట్లు ఎలాగూ వస్తాయి. పక్కనున్న సినిమాకి చూపు దొరికేది జాబితా వల్లనే.

ఇప్పుడు మన జాతీయ అవార్డుల సంగతి చూడండి. 2023 ఆగస్టు 24న 69వ జాతీయ చలనచిత్ర అవార్డులు ప్రకటించారు. ‘పుష్ప’కి అల్లు అర్జున్ ఉత్తమ నటుడు, తెలుగు నటుడికి ఆ అవార్డు రావడం అదే మొదటిసారి. శేషాచలం అడవులు, ఎర్రచందనం, చిత్తూరు యాస. మా జిల్లాల్లో ఆ రోజు ఎంత సంబరమో వేరే చెప్పాలా. అయితే అదే రోజు ‘జై భీమ్’కి ఒక్క అవార్డూ రాలేదని ఇంకో గొడవ మొదలైంది. చిత్తూరు, నగరి, పుత్తూరు వైపు తమిళ సినిమా కూడా మన సినిమానే కాబట్టి ఆ గొడవ ఇక్కడ గట్టిగానే నడిచింది. రెండు రాత్రులు వాదించుకున్నాక మాకు అర్థమైందేమిటంటే, ఉత్తమ నటుడి కోసం జ్యూరీ చివరి దాకా ఎవరెవరిని పరిశీలించిందో మాలో ఎవరికీ తెలియదు. ‘జై భీమ్’ కేంద్ర జ్యూరీ ముందుకు వెళ్ళిందా, ప్రాంతీయ ప్యానెల్ దగ్గరే ఆగిందా అన్నదీ తెలియదు. తెలియకుండా వాదించుకోవడం వల్ల అది సినిమాల మీద వాదనగా మిగల్లేదు, రాష్ట్రాల మీదికి, కులాల మీదికి, పార్టీల మీదికి పోయింది. ‘పుష్ప’లో యాస ఎంత వరకు మాదో, ఎక్కడ తేడా కొట్టిందో, ఆ భుజం ఎత్తి నడవడంలో ఎంత కష్టముందో మాట్లాడుకోవాల్సినవాళ్ళం మాటలు పెరిగి మొహాలు చూసుకోకుండా ఇళ్ళకు పోయాం.

ఈ జాబితా కొత్తగా తయారు చేయాల్సిన పని కూడా లేదు. జాతీయ అవార్డుల్లో మొదట ప్రాంతీయ ప్యానెళ్ళు సినిమాలు చూసి వడపోస్తాయి, అవి సిఫార్సు చేసినవి కేంద్ర జ్యూరీకి వెళ్తాయి. ఆ సిఫార్సులే నామినేషన్లు. కావాల్సిందల్లా వాటిని ఒక నెల ముందు బయట పెట్టడం.

ఫిల్మ్‌ఫేర్ సౌత్, సైమా లాంటి ప్రైవేటు అవార్డులు నామినేషన్లు ఇస్తున్నాయి కదా అని అడగొచ్చు. ఇస్తున్నాయి, మంచిదే. కాకపోతే అక్కడ జాబితా రాగానే ఫ్యాన్స్ చేసే పని సినిమాలు చూడటం కాదు, పేర్లు లెక్కపెట్టుకోవడం. ఆన్‌లైన్ ఓటింగ్ ఉన్నచోట ఎవరి ఫ్యాన్స్ ఎక్కువైతే వాళ్ళ హీరో పైకి పోతాడు. నేను అడుగుతున్నది ప్రజల డబ్బుతో, సినిమా చూడటమే పనిగా కూర్చున్న జ్యూరీతో ఇచ్చే అవార్డుల గురించి. ఓటు మాకొద్దు, జ్యూరీయే తేల్చనీ. జాబితా మాత్రం మాకివ్వండి.

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు, దాన్ని తేలిగ్గా తీసేయను. జాబితా బయట పెడితే లాబీయింగ్ పెరుగుతుంది, డబ్బున్న నిర్మాత ప్రచారం చేసుకుంటాడు, చిన్నవాడు నలిగిపోతాడు. ఆస్కార్‌లో జరుగుతున్నది అదే, అమెరికాలో అంత ప్రచారం లేకపోతే ‘నాటు నాటు’ అక్కడి దాకా పోయేది కాదన్నదీ నిజమే. కానీ ఒత్తిడి చేసేవాడికి జాబితా బయటికి రావాల్సిన అవసరం లేదు, వాడికి దారులు వేరే ఉంటాయి. జాబితా తెలియక నష్టపోయేది ఆ దారులేవీ లేని చిన్న సినిమా. దాని పేరు ప్యానెల్ గదిలో పలికి, అక్కడే పోతుంది.

ఫ్యాన్ వార్ల సంగతికొస్తే, మేం ఒక ప్రయోగం చేశాం. ఆస్కార్ ఉత్తమ చిత్రానికి ఓటు వేసేటప్పుడు ఒక్క పేరు రాసి ఊరుకోరు, అన్నిటికీ వరస ఇస్తారు. మొదటి స్థానాల్లో ఏ సినిమాకీ సగానికి మించి రాకపోతే అడుగున ఉన్నదాన్ని తీసేసి, ఆ ఓట్లను వాళ్ళ రెండో ఎంపికకు కలుపుతారు. అలా సగం దాటేదాకా చేస్తారు. 2023 తెలుగు సినిమాలకి మేం క్యాలెండర్ కాగితం చింపి తొమ్మిది చీటీలు చేసి అదే పద్ధతిలో రాశాం. మొదటి స్థానంలో ఒక పెద్ద హీరో సినిమాకి మూడు, ఇంకో పెద్ద హీరో సినిమాకి రెండు, ‘బలగం’కి మూడు, ఇంకో చిన్న సినిమాకి ఒకటి. అడుగునున్న ఒక్క చీటీ తీస్తే రెండో స్థానంలో ‘బలగం’ ఉంది. నాలుగైంది. తర్వాత రెండు ఓట్ల హీరో సినిమా పోయింది. ఆ ఇద్దరూ అవతలి హీరోకి చచ్చినా వేయరు కాబట్టి ఇద్దరి రెండో ఎంపికా ‘బలగమే’. ఆరు. అయిపోయింది. ఎవరూ గొడవ పడలేదు, ఎందుకంటే ఆ సినిమా తమకూ నచ్చిందని ఎవరి చీటీ మీద వాళ్ళే రాసుకున్నారు. ‘బలగం’లోని పిండం ముట్టని కాకి కథ తెలంగాణదైనా, ఆ కాకి కోసం ఎదురుచూడని ఇల్లు మా వైపూ లేదు. ఫ్యాన్స్‌కి మంచి సినిమా తెలియదని అనేవాళ్ళు వాళ్ళ మొదటి ఎంపిక మాత్రమే అడుగుతున్నారు. రెండోది అడిగి చూడండి.

ఆ చీటీలకు ముందు ఒక షరతు పెట్టుకున్నాం, చూడని సినిమాకి వరస ఇవ్వకూడదు, దాని గురించి మాట్లాడకూడదు. ఒకడు మూడు రోజులు గడువడిగి రెండు సినిమాలు చూసొచ్చాడు. 2025లో ఆస్కార్ అకాడమీ కూడా దాదాపు ఇలాంటి నిబంధనే పెట్టిందని చదివినప్పుడు చాలా సంతోషమేసింది. ఒక విభాగంలో నామినేట్ అయిన సినిమాలన్నీ చూసినవాళ్ళకే ఆ విభాగంలో తుది ఓటు.

ఇక మన నంది. 1964 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన అవార్డు, లేపాక్షి బసవన్న పేరు మీద, ఉత్తమ చిత్రాలకు బంగారు, వెండి, కంచు నందులు. 2017 నవంబరులో 2014, 2015, 2016 మూడేళ్ళవీ ఒకేసారి ప్రకటించారు. మూడేళ్ళ సినిమాలు ఒక్క పూటలో వచ్చి పడితే దేని గురించి మాట్లాడతాం? ఎవరికి రాలేదన్నదే మాట్లాడాం. ఆ తర్వాత నంది ఆగిపోయింది. అటు తెలంగాణ 2025 జూన్‌లో గద్దర్ అవార్డులు ఇచ్చింది, 2024కి ఉత్తమ నటిగా నివేదా థామస్‌ని ఎంపిక చేసింది. సినిమా ‘35 చిన్న కథ కాదు’. తిరుపతిలో జరిగే కథ. లెక్కల్లో సున్నా దగ్గర ఆగిపోయిన పిల్లాడి కోసం తల్లి మళ్ళీ పుస్తకం పట్టే కథ. మన ఊరి తల్లికి అవార్డు హైదరాబాద్‌లో వచ్చింది, చాలా సంతోషం. అదే సినిమా పేరు ఒక నెల ముందే నంది జాబితాలో ఉండి ఉంటే, మా వీధిలో పిల్లల మార్కుల కోసం గుండెలు బాదుకునే ఎన్ని ఇళ్ళలో ఆ నెలంతా అది ఆడేదో అనిపిస్తుంది.

నందిని మళ్ళీ మొదలుపెట్టాలన్న మాట అప్పుడప్పుడు వినిపిస్తూనే ఉంది. మొదలుపెట్టేటప్పుడు ఏటా ఒక తేదీ పెట్టండి. ఫలితానికి నెల ముందు ఒక్కో విభాగంలో ఐదు పేర్లు చెప్పండి. ఆ ఐదు సినిమాలు జిల్లాకో చోట ఉచితంగా వేయండి, పెద్ద ఖర్చేం కాదు. చిత్తూరులో నాగయ్య కళాక్షేత్రం ఉంది. 1965లో పద్మశ్రీ అందుకుని, ఊరి పేరునే తన ఇంటి పేరు చేసుకున్న మహానటుడి పేరు మీద కట్టిన హాలు. అక్కడ ఐదు సాయంత్రాలు ఐదు సినిమాలు వేస్తే పలమనేరు నుంచి, కుప్పం నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళున్నారు. తిరుపతి నుంచి మేం తొమ్మిది మందిమి వస్తాం. డిజిటల్ అయినా సరే, ప్రొజెక్టర్ పక్కన నేనే నిలబడతానని ఆపరేటర్ అన్న ఇప్పటికే చెప్పి పెట్టాడు.