1950 వరల్డ్ కప్‌కు మనల్ని ఆపింది బూట్లు కాదు

నాలుగేళ్లకోసారి ఫుట్‌బాల్ వరల్డ్ కప్ మొదలవగానే ఫోన్లలో ఒక మెసేజ్ తిరగడం కూడా మొదలవుతుంది. సారాంశం ఇది: "1950లో భారత జట్టు ఆసియా జట్లన్నిటినీ ఓడించి బ్రెజిల్ వరల్డ్ కప్‌కు అర్హత సాధించింది. బూట్లు కొనుక్కునే స్తోమత లేని మనవాళ్లు ఉత్త కాళ్లతో ఆడతామన్నారు. ఫిఫా (ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ) కుదరదంది. ప్రయాణానికి కూడా డబ్బుల్లేవు. వెళ్లి ఉంటే కప్పు మనదే. ఆ దెబ్బతో మన ఫుట్‌బాల్ చచ్చిపోయింది." చివర్లో రెండు కన్నీటి బొమ్మలు, ఒక జెండా.

మా చుట్టాల గ్రూపులో దీన్ని ఇప్పటికి నాలుగుసార్లు చూశాను. ఈసారి ఊరుకోబుద్ధి కాలేదు. ఇందులో నిజాలు మూడే: మనకు చోటు దొరికింది, మనం వెళ్లలేదు, మనవాళ్లలో చాలామంది అప్పట్లో బూట్లు లేకుండా ఆడేవాళ్లు. ఈ మూడింటినీ కలిపి కుట్టిన దారం మాత్రం అబద్ధం.

ముందు "ఓడించి" అన్న మాట. మనం ఎవరినీ ఓడించలేదు, ఎందుకంటే ఒక్క అర్హత మ్యాచ్ కూడా ఆడలేదు. మనతో పాటు బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ ఉండాల్సింది. మూడూ తప్పుకున్నాయి. బస్సులో అందరూ దిగిపోయాక మిగిలినవాడికి కిటికీ పక్క సీటు దొరికినట్టు మనకు చోటు దొరికింది. డ్రాలో స్వీడన్, ఇటలీ, పరాగ్వేలతో కలిపి మూడో గ్రూపులో వేశారు.

అప్పటి వరల్డ్ కప్‌ను ఇప్పటి వరల్డ్ కప్‌లా ఊహించుకుంటే అసలు విషయం అర్థం కాదు. అంతకుముందు మూడుసార్లే జరిగింది. యుద్ధం వల్ల పన్నెండేళ్లు ఆగింది. ఆ ఏడాది వెళ్లనిది మనమొక్కరమే కాదు. స్కాట్లాండ్ అర్హత ఉండి కూడా, బ్రిటిష్ చాంపియన్లుగా అయితేనే వెళ్తామని భీష్మించుకుని ఆగిపోయింది. టర్కీ తప్పుకుంది. ఖాళీలు నింపడానికి పిలిస్తే, ఒక మ్యాచ్ నుంచి ఇంకో మ్యాచ్‌కు బ్రెజిల్‌లో ఎంత దూరం తిరగాలో చూసి ఫ్రాన్స్ వద్దంది. పదహారు జట్లు ఆడాల్సిన చోట పదమూడే ఆడాయి. ఉరుగ్వే గ్రూపులో చివరికి రెండే జట్లు మిగిలాయి. బొలీవియాను 8-0తో కొట్టి ముందుకెళ్లిన ఆ ఉరుగ్వేయే కప్పు కూడా ఎత్తుకెళ్లింది.

ఇక అసలు ముడి: "ఫిఫా ఉత్త కాళ్లను నిషేధించింది, అందుకే వెళ్లలేదు."

1948 జులై 31. లండన్ ఒలింపిక్స్‌లో భాగంగా ఇల్ఫర్డ్‌లో ఫ్రాన్స్‌తో మ్యాచ్. స్వతంత్ర భారతానికి ఒలింపిక్స్‌లో అదే తొలి ఫుట్‌బాల్ మ్యాచ్. కెప్టెన్ తాలిమెరెన్ ఆవ్, నాగా కొండల నుంచి వచ్చి అప్పటికి డాక్టరు చదువుతున్నవాడు. మనవాళ్లలో ఎక్కువమంది కాళ్లకు పట్టీలు చుట్టుకుని, బూట్లు లేకుండానే దిగారు. కొందరు బూట్లు వేసుకున్నారు కూడా. ఫ్రాన్స్ ముందు ఒక గోల్ కొట్టింది. రెండో సగంలో సారంగపాణి రామన్ సమం చేశాడు. మనకు ఒకటి కాదు, రెండు పెనాల్టీలు వచ్చాయి. రెండూ పోయాయి. అందులో ఒకటి వదిలింది మన ఉద్దండ డిఫెండర్ శైలేన్ మన్నా. మ్యాచ్ ఇక అయిపోతుందనగా 89వ నిమిషంలో ఫ్రాన్స్ రెండో గోల్ కొట్టేసింది. 2-1. ఓడినా, మైదానంలో ఉన్నవాళ్ల చప్పట్లు మన కాళ్లకే దక్కాయి.

సరే, ఇది 1950కి ముందు సంగతి, ఆ తర్వాత ఫిఫా రూలు తెచ్చి ఉంటుందంటారా? అయితే 1952కు రండి. హెల్సింకి ఒలింపిక్స్. యుగోస్లావియాతో మ్యాచ్. మనవాళ్లలో చాలామంది మళ్లీ ఉత్త కాళ్లతోనే దిగారు, చలిలో. పది గోల్స్ తిన్నాం. మన తరఫున అహ్మద్ ఖాన్ ఒక్కటి కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ కూడా ఫిఫా గొడుగు కిందే జరిగేది. 1950లో బూట్లు లేవని గేటు దగ్గరే ఆపేసిన సంస్థ, 1952లో అవే పాదాలను మైదానంలోకి ఎలా రానిచ్చింది? ఈ ఒక్క ప్రశ్నకు ఆ మెసేజ్ పంపేవాళ్లలో ఎవరూ జవాబు చెప్పరు.

హెల్సింకి దెబ్బ తర్వాత బూట్లు తప్పనిసరి చేసింది ఎవరనుకున్నారు? మన అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యే.

"బూట్లు కొనే డబ్బుల్లేవు" అన్నది నాకు అన్నిటికంటే కోపం తెప్పించే ముక్క. ఉత్త కాళ్ల ఆట మనకు పేదరికం వల్ల పట్టిన గతి కాదు, ఒక అలవాటు, ఒక పద్ధతి. 1911లో కలకత్తా క్లబ్బు మోహన్ బగాన్, బ్రిటిష్ సైనిక జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించి ఐఎఫ్‌ఏ షీల్డ్ టోర్నీ గెలిచినప్పుడు, ఆ జట్టులో బూట్లు తొడిగినవాడు సుధీర్ చటర్జీ ఒక్కడే. మిగతా పదిమందీ తెల్లవాళ్ల బూట్లకు ఎదురుగా పాదాలు పెట్టి గెలిచారు. ఎండిన నేల మీద బంతి వేళ్లకు తెలుస్తుంది, ఎటు తిప్పాలంటే అటు తిరుగుతుంది. వాన పడి నేల బురదైతే మాత్రం కాలు నిలవదు. ఆ ఆటలో సుఖమూ కష్టమూ రెండూ అక్కడే ఉన్నాయి. జాతీయ జట్టుకు పదకొండు జతల బూట్లు దొరకని దేశంగా మనల్ని మనమే చిత్రించుకుని, దానికి కన్నీటి బొమ్మలు తగిలించడం ఏం దేశభక్తో నాకు తెలియదు.

ప్రయాణం డబ్బుల మాట కూడా నిలవదు. ఖర్చులో పెద్ద భాగం తామే భరిస్తామని బ్రెజిల్ వాళ్లు ముందుకొచ్చారు. ఓడలో అంత దూరమా అంటే, ఇటలీ వాళ్లు వెళ్లింది ఓడలోనే. అంతకు ముందు ఏడాది సుపెర్గా కొండ మీద విమానం కూలి టొరినో జట్టు మొత్తం పోయాక, విమానం ఎక్కాలంటే వాళ్లకు భయం.

మరి ఎందుకు వెళ్లలేదు? సమాఖ్య చెప్పిన కారణాలు చప్పగా ఉంటాయి: ప్రాక్టీసుకు టైమ్ లేదు, జట్టు ఎంపిక మీద ఏకాభిప్రాయం కుదరలేదు. వాటి వెనక ఉన్న అసలు సంగతి ఇంకా చప్పనిది. వరల్డ్ కప్ అంటే ఏమిటో మనవాళ్లకు పట్టలేదు. ఒలింపిక్సే సర్వస్వం. తమకు అప్పట్లో వరల్డ్ కప్ గురించి పెద్దగా తెలియదని, ఒలింపిక్సే లోకమని శైలేన్ మన్నాయే తర్వాతి రోజుల్లో చెప్పాడు. అంటే నిర్ణయం ఫిఫా ఆఫీసున్న జ్యూరిచ్‌లో జరగలేదు, ఇక్కడే జరిగింది. బూట్ల కథ ఇన్నేళ్లు ఎందుకు బతికిందో ఇప్పుడు అర్థమవుతుంది. తప్పు ఫిఫా మీదకీ, పేదరికం మీదకీ పోతుంది. బల్ల వెనక కూర్చుని "వద్దులే" అన్నవాళ్లు చల్లగా తప్పించుకుంటారు.

"వెళ్లి ఉంటే కప్పు మనదే" గురించి ఎక్కువ చెప్పను. మన గ్రూపులో స్వీడన్ 1948 ఒలింపిక్ విజేత. 1950లో మూడో స్థానం వాళ్లదే. మన దేశంలో అప్పుడు మ్యాచ్ అంటే 70 నిమిషాలు. అంతర్జాతీయంగా 90. ఇల్ఫర్డ్‌లో రెండో గోల్ పడింది 89వ నిమిషంలో అన్నది గుర్తుంచుకోండి. నాలుగేళ్ల తర్వాత ఆసియా నుంచి స్విట్జర్లాండ్ వరల్డ్ కప్‌కు వెళ్లిన దక్షిణ కొరియా హంగరీ చేతిలో 9-0, టర్కీ చేతిలో 7-0తో ఓడింది. మనం ఇంకాస్త బాగా ఆడేవాళ్లమేమో. కప్పు మాట మాత్రం వదిలేయండి.

"ఆ దెబ్బతో చచ్చిపోయింది" అన్నదైతే పూర్తిగా తలకిందులు. మన ఫుట్‌బాల్‌కు మంచి రోజులు వచ్చిందే 1950 తర్వాత. 1951లో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు. ఫైనల్లో మేవాలాల్ గోల్‌తో ఇరాన్ మీద 1-0. స్వర్ణం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. నిజాయితీగా చెప్పాలంటే హంగరీ రాకపోవడంతో మొదటి రౌండు ఊరికే దాటాం. కానీ ఆస్ట్రేలియాను వాళ్ల సొంతగడ్డ మీద 4-2తో ఓడించినప్పుడు నెవిల్ డిసౌజా కొట్టిన మూడు గోల్స్ ఎవరూ ఊరికే ఇవ్వలేదు.

ఆ జట్టును తయారుచేసింది హైదరాబాద్‌లో బడి పంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన నడిపిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు, అప్పట్లో బొంబాయిలో జరిగే పేరున్న టోర్నీ రోవర్స్ కప్ గెలిచింది. ఫుట్‌బాల్ చచ్చిపోయిందని మెసేజ్ చెబుతున్న సంవత్సరాలే ఇవి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద మనకు గోల్స్ కొట్టింది సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్. ఆ మెసేజ్‌ను ఫార్వర్డ్ చేసే మనలో ఎంతమందికి ఈ పేరు తెలుసు?

1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్ ఒక్కటి చూసినా చాలు. ఇండోనేషియా ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడాన్ని ఒక భారత అధికారి తప్పుపట్టడంతో స్టేడియం అంతా మన మీద కోపంగా ఉంది. లక్షమంది దాకా జనం. ఎదురుగా, గ్రూపులో మనల్ని 2-0తో ఓడించిన దక్షిణ కొరియా. థాయిలాండ్‌తో మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. రహీమ్ ఆయన్ను పక్కన కూర్చోబెట్టలేదు, తీసుకెళ్లి ఫార్వర్డ్‌గా దింపాడు. సెమీస్‌లో గోల్. ఫైనల్లో పీకే బెనర్జీ ఒకటి కొడితే, రెండోది మళ్లీ ఆ కుట్ల తలవాడిదే. 2-1. అప్పటికే జబ్బుతో ఉన్న రహీమ్ మరుసటి ఏడాది జూన్‌లో పోయాడు.

1964 ఆసియా కప్‌లో రెండో స్థానం వచ్చింది, అయితే ఆడినవి నాలుగు జట్లే. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం. పతనం అక్కడినుంచి మొదలైంది, నెమ్మదిగా. 1960 తర్వాత మళ్లీ ఒలింపిక్స్ ముఖం చూడలేదు.

ఏడవాలనుకుంటే అందుకు తగ్గ విషయం ఇక్కడుంది. ఆసియాలో మనమే మేటి అనిపించుకున్న ఆ రోజుల్లో 1958, 1962, 1966 వరల్డ్ కప్‌ల అర్హత పోటీల్లో మనం ఒక్క మ్యాచ్ ఆడలేదు. అప్పుడు మనవాళ్ల కాళ్లకు బూట్లున్నాయి. వరల్డ్ కప్ అర్హత కోసం మనం మొదటిసారి మైదానంలో దిగింది 1985లో, మెక్సికోలో జరగబోయే కప్పు కోసం. మన గ్రూపులో ఇండోనేషియా కూడా ఉంది, 1950లో తప్పుకుని మనకు దారి వదిలిన జట్లలో ఒకటి. ఈసారి వాళ్లు తప్పుకోలేదు. గ్రూపులో మొదటి స్థానం వాళ్లది, రెండోది మనది.